మా శృంగవరపుకోట ప్రయాణము

విజయనగరమున మా వీథిలో మేము నలుగురము స్నేహితురాండ్రము గలము. మధ్యాహ్నపు పనులు తీరిన పిదప ఎవరో ఒకరి యరుగుమీద చేరుట మాకు పదునెనిమిదేండ్ల అలవాటు. అచట మేము దేశచరిత్రలు చర్చింతుమని చెప్పినచో చదువరులగు సోదరీమణులు నవ్వుదురు. నిజము చెప్పెదము. మా మాటలు నాలుగే: ఏ యూరు పోవుదము, ఏమి వండుదము, ఇంటనున్న పిల్లియు కుక్కయు ఏమి చేసినవి, డబ్బు. మొదటి మూడును వీథి చివరవరకు వినబడును. నాలుగవది వచ్చుసరికి గొంతులు తగ్గును. తగ్గిన గొంతుతోనైనను దాచక మాటాడుకొందుమని ఇన్నాళ్ళు గర్వించుచుంటిమి. ఆ గర్వము శృంగవరపుకోట ప్రయాణమున భంగపడినది.

మాలో పెద్దయామెను అందరమును అప్ప యని పిలుతుము. మా ప్రాంతమున అక్కను అప్ప యనుట పరిపాటి. ఆమెకు పిల్లలు దూరదేశములలో నున్నారు. ఇంట నొక తెల్లపిల్లి యున్నది. రెండవయామె వదిన. లెక్కలన్న ప్రాణము. మూడవయామె చెల్లి, ఇంటివద్ద రవికలు కుట్టును. నాలుగవవారము ఈ పంక్తులు వ్రాయుచున్న మేము.

ప్రయాణములకై మాకొక డబ్బా గలదు. పూర్వము బిస్కత్తులుండిన డబ్బా. నెలకు తలకు 200 రూపాయల చొప్పున అందులో వేయుదుము. వదిన యొక నోటుపుస్తకమున నాలుగు గళ్ళు గీచి, డబ్బు వేసినవారి గడిలో చుక్క పెట్టును. గత ఆశ్వయుజమునుండి మాఘమువరకు ఐదు నెలలు గడచినవి. శివరాత్రి తిరునాళ్ళ రద్దీ తగ్గిన పిదప, ఫాల్గుణమున నొకదినము పుణ్యగిరి చూచి వత్తమని నిశ్చయించితిమి. శృంగవరపుకోట మాకు దగ్గరయే. ఉదయము పోయి సాయంకాలమునకు వచ్చివేయవచ్చును.

ముందునాటి సాయంకాలము చెల్లి వచ్చి, “మీరు పోయి రండి. మా నల్లోడికి జ్వరము. విడిచి రాలేను” అనెను. నల్లోడు ఆమె కుక్క. ఆ యుదయమే ఆ కుక్క పాలవాని బండి వెంట వీథి మలుపు దాక పరుగెత్తుటను అప్ప కన్నులార చూచెను. కాని చూచితినని అనలేదు. అదియే ఆమె పెద్దరికము. “కుక్క జ్వరము ఒక్క పూటలో తగ్గునే. బస్సునకు డబ్బు లేదు కదా, రా” అని మాత్రమనెను. చెల్లి చాలసేపు నేలచూపులు చూచి, సరేనని పోయినది.

బస్సునకు డబ్బు లేదన్నమాట నిజము. 2025 ఆగస్టు 15వ తేదీనుండి మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో ఉచితప్రయాణము కలిగినది. దానికి స్త్రీశక్తి యని పేరు పెట్టిరి. ఆధారు కార్డు చూపినచో కండక్టరు సున్న రూపాయల టిక్కెట్టు చింపి యిచ్చును. తొలిదినములలో ఆ సున్నను చూచి అప్ప టిక్కెట్టును ముడుపువలె పర్సులో దాచుకొనెడిది. ఇప్పుడలవాటైనది.

ఉదయము బస్సెక్కునప్పటికే చెల్లి సిద్ధముగ నిలిచియుండెను. చేతిలో స్టీలు డబ్బా. అందు చోడిపిండియు బెల్లమును కలిపి కట్టిన ఉండలు. నల్లోడెట్లున్నాడని మేమడుగలేదు. అప్ప మాత్రము తన పిల్లిని గూర్చి గంట్యాడ దాటువరకు చెప్పుచునే యుండెను. పొరుగింటి పిల్లకు తాళమిచ్చినది, పెరుగన్నము గిన్నె చూపినది, అయినను ఆ పిల్లి తానున్నప్పుడుగాని తినదు. “అది నిన్ను మోసగించుచున్నది అప్పా. నీవు లేనప్పుడు రెండిండ్ల తిండి తినును” అని వదిన యనెను. వదిన యింట జంతువులు లేవు, ఖర్చు.

ఖర్చు మాట వచ్చినది గనుక కుక్కలున్న యిండ్లవారికొక్కమాట. ఏటేట జూలై 6వ తేదీని జంతువులనుండి మనుష్యులకు వచ్చు వ్యాధుల నివారణదినముగా జరుపుదురు. ఆనాడు ప్రభుత్వ పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు పిచ్చికుక్క వ్యాధి రాకుండు టీకా ఉచితముగ వేయుదురు. కుక్క కాటు ఎంత చిన్నదైనను సబ్బుతోను, పారు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, అటుపై వైద్యుని కడకు పోవలెను. పసరులు పూసి కట్టు కట్టరాదు. ఈ సంగతి నల్లోడిని పెంచుచున్న చెల్లియే మాకు చెప్పినది.

మా ముందు బల్లమీద నొక ముసలమ్మ యుండెను. కూతురు శృంగవరపుకోటలో నున్నదట. “ముందరైతే రెండు నెల్లకోపాలి ఎల్లీదాన్నమ్మా. ఇప్పుడు వారానికోపాలి ఎల్తన్నాను. పిల్ల నవ్వుతాది, అల్లుడు మొకం మాడ్సుకుంతాడు” అని తానే ముందుగ నవ్వెను. ఆమె ఒడిలో గుమ్మడికాయ యుండెను. అల్లుని ముఖమునకు మందు గాబోలు.

గంట దాటిన ప్రయాణము. మొదట వరిచేలు, తరువాత మామిడితోటలు, జీడిమామిడితోటలు. అప్పుడు ఫాల్గుణము గనుక మామిళ్ళు పూతకు వచ్చియుండెను. తూర్పు కనుమలు మొదట నీలిగీతవలె కనుపించి, రాను రాను ఆకుపచ్చనై, ఊరు చేరునప్పటికి మిద్దెలమీదికి వంగి చూచుచున్నట్లుండును. ఊరివారెవరును శృంగవరపుకోట యని నిండుగ పలుకరు. ఎస్.కోట యందురు. సమీపమున లక్కవరపుకోట గలదు, అది ఎల్.కోట. కోటలు రెండైనప్పుడు తొలియక్షరమే యింటిపేరైనది.

ఈ యూరు కొండలకు గుమ్మము వంటిది. విశాఖపట్టణమునుండి అరకు పోవు బాట దీనిమీదుగా పోవును. కొత్తవలసనుండి కిరండూలు పోవు రైలుమార్గమును ఇటనే కొండల దరి చేరును. బైలదిల్లా గనుల యినుపరాయిని విశాఖ రేవునకు దించి జపానునకు పంపుటకై 1960ల దశకమున ఆ మార్గము వేసిరి. అది దారిలో ఏబదికి పైగా సొరంగములు దూరి, సుమారు వేయి మీటర్ల యెత్తున నున్న శిమిలిగూడ నెక్కి, అరకులోనికి దిగును. రాయికై వేసిన బాటపై మనుష్యులు వినోదమునకు పోవుచున్నారు. ఇప్పుడు పైకప్పునకును అద్దములు బిగించిన పెట్టెలోనెక్కి కొండలు చూచి వచ్చుట వాడుకైనది. ఆ రైలులో బొఱ్ఱా పోవలెనని మా డబ్బా పుట్టిన నాటినుండి కోరిక. గోస్తనీ నది పుట్టుచోటు అది. ఆ నదియే తాటిపూడి జలాశయమున నిలిచి, భీమునిపట్టణమువద్ద సముద్రము చేరును. పూర్వమొక యావు ఆ గుహపైనున్న రంధ్రమున జారిపడగా, కాపరి వెదకికొనుచు పోయి గుహను, లోనున్న శివలింగమువంటి శిలను కనుగొనెనని కొండవారు చెప్పుకొందురు. నదికి ఆవు పొదుగు పేరు వచ్చుటయు అందువలననే యట. ఈ కథ విన్నప్పుడెల్ల అప్ప, “లింగము సంగతి సరే, ఆవు బ్రతికినదా లేదా?” అని యడుగును. ఆ మాట చెప్పినవారు లేరు.

బస్సు దిగి యిడ్డెనులు తింటిమి. అటుపై ఆటో. బస్సు ఉచితము గాని ఆటో కాదు. రానుపోను నాలుగు వందలకు వదిన బేరము తెగగొట్టెను. డబ్బాలోని సొమ్ము ఆమె సంచిలోనే యున్నది. ఆమె నోట్లు తీసి లెక్కించుచున్నంతసేపును చెల్లి కొండవైపు చూచుచుండెను. మేము గమనించితిమి, కాని పెడచూపు చూచితిమి.

పుణ్యగిరి ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరములోనే కలదు. ఉమాకోటిలింగేశ్వరుని యాలయము కొండమీద నున్నది. పాండవులు అజ్ఞాతవాసకాలమున నిట నుండిరని ఆ చుట్టుపట్లవారు చెప్పుకొందురు. శివరాత్రినాడు కాలు పెట్టుటకు తావుండదు. మేము పోయిననాడు మెట్లమీద మా చెప్పులచప్పుడే మాకు వినబడినది. చెట్ల నీడ దట్టము. ఎచటనో నీరు రాలుచుండును. చెవికి వినబడునుగాని కంటికి వెంటనే కనబడదు. మలుపు తిరిగినంతనే చల్లని గాలి ముఖమునకు తగిలినది. కొండనుండి దిగు నీటిలో కాళ్ళు పెట్టి నిలిచిన అప్ప తన మోకాళ్ళ నొప్పులు మరచి, పిల్లిని గూడ మరచెను. దర్శనము చేసికొని, టెంకాయ కొట్టి, నీడలో కూర్చుంటిమి.

మెట్ల మొదటినుండి యొక బక్కకుక్క మా వెంటబడి వచ్చుచుండెను. చెల్లి తన డబ్బా తెరచి మొదటి చోడియుండ దానికే పెట్టెను. అది తోక యాడించుచు తినుచుండగా దాని తల నిమురుచు, మా వంక చూడకయే అనెను: “మా నల్లోడికి జ్వరము లేదు.”

“తెలియునే” అని అప్ప యనెను.

“నాలుగు నెలలుగా డబ్బాలో ఏమియు వేయలేదు. ఆయన పనిచేయు మిల్లు మూసివేసినారు. ఇల్లు రవికలమీద నడుచుచున్నది. వదిన పుస్తకము తెరచునేమో, అందరి యెదుట నా గడి చదువునేమో యని రాలేకపోయితిని.”

ఇటువంటి చోట సామాన్యముగా ఏమందురో మేమును అదియే యంటిమి. మనలో మనకు లెక్కలేమిటి, ఆ యెనిమిది వందలును మేము సర్దెదము, నీవు దిగులుపడకు అని. ఆ మాట మేము మంచిదనుకొనియే యంటిమి. చెల్లి ముఖము ఎర్రబడినది. “నెల నెల నాకు ధర్మము చేసి వెంటబెట్టుకొని పోవుదురా? అట్లైన రేపటినుండి అరుగుమీదికి రాను” అనెను. కుక్క కూడ తినుట మానినది.

కొంతసేపు ఎవరము మాటాడలేదు. ఆమె యన్నది సబబని మాకిప్పుడు తోచుచున్నది. ఆ క్షణమున మాత్రము కష్టముగ నుండెను. నాలుగు నెలలు ఒకే యరుగుమీద కూర్చుండి, పనసపొట్టులో ఆవ యెంత వేయవలెనో వాదించుకొంటిమి. ప్రక్కనున్నయామె యింట పొయ్యి యెట్లు వెలుగుచున్నదో అడుగలేదు. అడిగిన నొచ్చుకొనునేమో యని యూరకుంటిమా, అడిగిన ఇయ్యవలసి వచ్చునని యూరకుంటిమా? మేమీ ప్రశ్న బయటికి వేయలేదు. వదిన మాత్రము నోటుపుస్తకమును సంచి యడుగునకు త్రోసెను. తెచ్చిన పులిహోర, దధ్యోదనము తింటిమి. చోడియుండలు తలకు రెండు వచ్చినవి. అప్ప పిల్లి యోగక్షేమములకై ఫోను చేయబోగా కొండమీద సంకేతము అందలేదు. అదియును మంచిదే యైనది.

క్రిందికి దిగి ఊరిలో బస్సునకై వచ్చుచుండగా బాట ప్రక్కన అనంతగిరి కొండలనుండి దిగిన సరకు కనబడినది. కొండచీపుళ్ళు, అడ్డాకు విస్తళ్ళు, చింతపండు, అల్లము, వానితోబాటు లేత పనసకాయల కుప్ప. మా వైపు పెండ్లి విందునకు పనసపొట్టు లేకున్న పెండ్లి జరిగినట్లే కాదు. కాయ కొట్టుట మగవారికిని కష్టమైన పని. చేతులకు నూనె పూసికొని, ముండ్లతొక్క చెక్కి, కత్తితో సన్నగా కొట్టి కొట్టి పొట్టు చేయవలెను. జిగురు ఒకసారి అంటినచో సబ్బు పనిచేయదు, నూనెయే శరణ్యము. పొట్టును పసుపు, ఉప్పు వేసి ఉడికించి పిండి, చింతపండు పులుసుతో పోపులో మగ్గించి, దించి చల్లారిన తరువాతనే ఆవముద్ద కలుపవలెను. వేడిమీద కలిపిన చేదెక్కును. అప్పకును వదినకును ఏండ్లుగా జరుగుచున్న వాదము ఆవ పాళ్ళను గూర్చియే గాని ఈ నియమమును గూర్చి కాదు.

చెల్లి కుప్పవద్ద నిలిచి ధర యడిగెను. అప్పుడప్పుడే కాపునకు వచ్చిన లేతకాయలు. పండ్రెండు తీసికొన్నచో కాయ 35 రూపాయలని అమ్మునామె చెప్పెను. “విజయనగరములో కొట్టిన పొట్టు చిన్న పొట్లము 30 రూపాయలు. కొట్టువారు దొరకక జనులు పచ్చికాయ కొనుట మానినారు” అని చెల్లి తనలో తాననుకొన్నట్లు పలికి, వదినవైపు తిరిగి, “డబ్బాలో ఎంత యున్నది?” అని యడిగెను. నాలుగు నెలలలో ఆమె డబ్బా మాట యెత్తుట అదియే ప్రథమము.

వదిన అచటనే, చీపుళ్ళ కట్టమీద పుస్తకము తెరచి చదివెను. వచ్చినది 3,200. ఆటో 400, ఇడ్డెనులు 160, టెంకాయలు, పూలు 120. నిలువ 2,520. “నాకు 500 అప్పు కావలెను. ధర్మము కాదు. నెలకు నూటికి రెండు వడ్డీ” అని చెల్లి యనెను. వడ్డీ మాట వినగానే అప్ప చెవులు మూసికొనెను. వదిన మూసికొనలేదు. ఆమెకు వేరొక భయము. ఆ సొమ్ము బొఱ్ఱా ప్రయాణమునకు దాచినది. పనసకాయ కుళ్ళినచో ప్రయాణమును కుళ్ళును. “అమ్ముడుపోకున్న?” అని యడిగెను. “పోకున్న రవికలు కుట్టి తీర్చెదను. మీ మూడిండ్లవారును నాకడనే కుట్టించుకొనుడు. ఊరి చివర దుకాణమునకు పోకుడు.” ఈ మాటకు మేమందరమును కొంచెము తలవంచుకొంటిమి. నిరుటి దసరా రవికలు మేము వేరొకచోట కుట్టించుకొంటిమి.

వదిన 500 లెక్కపెట్టి యిచ్చెను. వడ్డీ లేదనియు, గడువు ఉగాది యనియు వ్రాసికొని, చెల్లిచే సంతకము చేయించెను. అప్పకు ఆ సంతకము నచ్చలేదు. చెల్లి మాత్రము పేరు నిండుగ, అందముగ వ్రాసెను.

తిరుగుబస్సులో పండ్రెండు పనసకాయలతో ఎక్కుట యొక నాటకము. కండక్టరు నలుగురకును నాలుగు సున్న టిక్కెట్లు చింపి, గోనెసంచులు చూచి, “అమ్మలకు ఉచితము. కాయలకు కాదు” అని సామాను టిక్కెట్టు చింపెను. బస్సంతయు నవ్వినది. చెల్లియు నవ్వినది. ఆ టిక్కెట్టు డబ్బు తన యప్పులోనే వ్రాయుమని వదినతో చెప్పెను.

కథ ఇచటితో సుఖముగ ముగిసినదని చెప్పుటకు వీలులేదు. మరునాడు కాయలు కోయగా రెండింటిలో గింజ ముదిరియుండెను; అవి పొట్టునకు రాలేదు. పదింటికి ఇరువదియెనిమిది పొట్లములు వచ్చినవి. పందొమ్మిది అమ్ముడుపోయి 570 రూపాయలైనవి. తక్కిన తొమ్మిదియు సాయంకాలమునకు నల్లబడగా, ఆమె తలకు మూడు చొప్పున మాకిచ్చి, డబ్బు ఇయ్యబోగా తలుపు వేసికొనెను. మూడుదినములు మేము పొట్టుకూర తింటిమి. అప్పు 500 తీర్చగా ఆమెకు మిగిలినది డెబ్బది రూపాయలును, చేతులనిండ జిగురును. అప్ప ఇంక వద్దని చెప్పెను. వదిన చెప్పలేదు. పుస్తకము తెచ్చి చెల్లి ప్రక్కన కూర్చుండి, నష్టమెచట వచ్చినదో చూచిరి. ముందుగా ఫోనులో అడిగినవారికే, ఏ పూటకు కావలెనో ఆ పూటకే కొట్టవలెనని తేలినది. కాయను చేతితో తట్టి, తొడిమ చూచి లేతదనము పోల్చుట చెల్లి తనంతట నేర్చుకొనెను. తరువాతి వారము ఒంటరిగనే కోటకు పోయి వచ్చెను. ఆ దఫా ఖర్చులుపోను 460 మిగిలినవి.

ఆ సాయంకాలము ఆమె అరుగుమీదికి వచ్చి, నాలుగు నూరురూపాయల నోట్లు డబ్బాలో వేసి, వదిన రెండు చుక్కలు పెట్టువరకు నిలుచుండి చూచెను. ఆ దినమున డబ్బు మాట మామూలు గొంతుతోనే సాగినది. మిల్లు మరల తెరచునా, పిల్ల కాలేజీ రుసుము ఎప్పుడు, ఎవరికెంత బాకీ, అంతయు. వీథిలో పోవువారు విన్నారేమో తెలియదు.

ఇప్పుడు ఎండలు ముదిరినవి. కాయలు పండ్లగుచున్నవి, పొట్టునకు కాలము తీరినది. చెల్లి గడిలో ఇంకను రెండు చుక్కలు ఖాళీగ నున్నవి. మొన్న ఆమెయే మరియొక మాట తెచ్చినది. ఎల్.కోట మండలమున భీమాళి గ్రామము మామిడితాండ్రకు పేరుపడినది. చాపలమీద మామిడిరసము పలుచగ పోసి, ఎండిన పొరమీద మరల రసము పోయుచు, దినములకొలది ఎండబెట్టి అది చేయుదురు. బస్సులో పోయి చూచి వత్తమా యని యడిగినది.

“తినుటకా, అమ్ముటకా?” అని వదిన పుస్తకము తీయుచు అడిగెను.

“ధర చూచి చెప్పెదను” అని చెల్లి యనెను.

అప్ప పిల్లిని ఒడిలోనికి లాగికొని, మిక్కిలి గంభీరముగ, “ఆనాటికి నల్లోడి యారోగ్యము ఎట్లుండునో?” అని యడిగెను.